కళ్లద్దాలతో జింకల వేటకు బైనాక్యులర్: 8×42 కొనాలా, 10×42 కొనాలా?

మీ ప్రశ్న చదివాను. ఈ నవంబరులో తూర్పు టెక్సస్‌లో మొదటిసారి వైట్‌టెయిల్ (తెల్ల తోక) జింకల వేటకు వెళ్తున్నారు. దూరపు చూపుకు మైనస్ నాలుగు పవరు, దానికి తోడు సిలిండర్ (ఆస్టిగ్మాటిజం సరిచేసే పవరు). ఈమధ్యే చత్వారం వచ్చి ప్రోగ్రెసివ్ లెన్సులకు మారారు. బడ్జెట్ 300 నుంచి 500 డాలర్లు. లీజులో (వేటకు అద్దెకు తీసుకున్న నేలలో) మీతో ఉన్నవాళ్లంతా 10×42 (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు వెడల్పు 42 మిల్లీమీటర్లు) తీసుకోమంటున్నారు కానీ, వాళ్ల బైనాక్యులర్ మీరు పెట్టుకుని చూస్తే తాళం కన్నంలోంచి చూసినట్టు ఉంది. లోపం నా కళ్లదా, ఆ బైనాక్యులర్‌దా అని అడిగారు.

రెండింటిదీ కాదు. ఆ బైనాక్యులర్ మీ కళ్లద్దాలకు కుదరలేదు, అంతే. నాదీ మైనస్ పవరే, సిలిండరూ ఉంది, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలే. హ్యూస్టన్ దగ్గర ఉంటాను, ఏళ్ల తరబడి కళ్లద్దాలు తీయకుండానే వేటకు వెళ్తున్నాను. ఇన్నాళ్లలో ఎంతోమందికి బైనాక్యులర్లు చూసి పెట్టాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: కళ్లద్దాలున్నవాళ్లు ఈ ధరలో కొనేటప్పుడు ముందు తమ కంటికి ఏది అమరుతుందో చూసుకోవాలి. గ్లాసు ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి మాట. వెయ్యి డాలర్ల బైనాక్యులర్ అయినా అందులో కనిపించాల్సిన గుండ్రటి వలయంలో సగమే కనబడితే, మిగతా సగానికి పెట్టిన డబ్బు వృథానే కదా.

ముందు ఆ తాళం కన్నం సంగతి. బైనాక్యులర్‌కు కంటి వైపున్న లెన్స్ బొమ్మను తన ఉపరితలం మీద కాకుండా కాస్త వెనక్కి, గాలిలో ఒకచోటికి చేరుస్తుంది. మీ కంటిపాప సరిగ్గా అక్కడ ఉంటేనే వలయం మొత్తం కనిపిస్తుంది. లెన్స్ నుంచి ఆ చోటికి ఉన్న దూరాన్నే ఐ రిలీఫ్ అంటారు. కళ్లద్దాలు లేనివాళ్లు ఐకప్పులు (కంటి వైపు లెన్స్ చుట్టూ ఉండే రబ్బరు అంచులు) పైకి తిప్పుకుని కన్ను ఆ దూరంలో నిలుపుకుంటారు. మనకు కళ్లద్దాల లెన్సే కంటికి 12 నుంచి 14 మిల్లీమీటర్ల ముందు ఉంటుంది, పైగా దాని మందం ఒకటి. 14 మిల్లీమీటర్ల ఐ రిలీఫ్ ఉన్న బైనాక్యులర్ పెట్టుకుంటే కంటిపాప ఆ చోటు దాకా చేరనే చేరదు. అంచులు కోసుకుపోయి మధ్యలో కాస్త మాత్రం మిగులుతుంది. మీరు చూసింది అదే.

అందుకే కళ్లద్దాలవాళ్లకు కనీసం 15, వీలైతే 17 మిల్లీమీటర్లు ఉండాలని అందరూ చెబుతారు. మాట సరైనదే కానీ, అందులో చాలామంది చెప్పని మెలిక ఒకటుంది. కంపెనీ పెట్టె మీద వేసే అంకె లెన్స్ ఉపరితలం నుంచి కొలిచినది. ఆ లెన్స్ ఐకప్పు అంచుకు సమానంగా ఉండదు, కొంచెం లోతులో ఉంటుంది. ఐకప్పు పూర్తిగా కిందికి దించినా మీ కళ్లద్దాలు తగిలేది ఆ రబ్బరు అంచుకే. ఆ లోతు ఒక మోడల్‌లో రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, ఇంకో మోడల్‌లో నాలుగు. పెట్టె మీద 17 అని ఉన్నదాంట్లో మీకు నిజంగా దక్కేది 13 కావచ్చు, 15 కావచ్చు. ఒకే అంకె వేసిన రెండు బైనాక్యులర్లలో ఒకటి మీకు హాయిగా ఉండి, రెండోది చికాకు పెట్టడానికి కారణం ఇదే. ఈ రెండో అంకె కంపెనీలు వేయవు, మనమే కొలుచుకోవాలి.

కొలవడం తేలికే. ఐకప్పులు పూర్తిగా దించండి. బైనాక్యులర్ ముందు భాగాన్ని వెలుతురున్న కిటికీ వైపు తిప్పి టేబుల్ మీద పెట్టండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు. ఇప్పుడు కంటి వైపు ఒక తెల్ల కాగితం పట్టుకుని మెల్లగా దగ్గరికీ దూరానికీ జరపండి. కాగితం మీద చిన్న వెలుగు బిళ్ల పడుతుంది. ఒక దూరంలో దాని అంచు చాలా స్పష్టంగా ఉంటుంది, అటూ ఇటూ జరిపితే చెదిరిపోతుంది. అంచు స్పష్టంగా ఉన్నచోట కాగితం ఆపి, ఐకప్పు అంచు నుంచి కాగితానికి స్కేలుతో కొలవండి. అదే మీకు దక్కే ఐ రిలీఫ్. ఫ్రేము ముఖానికి దగ్గరగా కూర్చునేవాళ్లకు ఇది 14 వచ్చినా గడిచిపోతుంది. ముక్కు మీదికి జారే ఫ్రేము అయితే 16 దాటితేనే సుఖం. ఆ బిళ్లను కాస్త పరీక్షగా చూడండి, గుండ్రంగా ఉండాలి. పక్కలు కోసేసినట్టు ఉంటే లోపల ప్రిజమ్‌ల (వెలుగును మళ్లించే గాజు దిమ్మల) దగ్గర కక్కుర్తి పడ్డారని అర్థం.

షాపులో కాగితమూ స్కేలూ తీసేంత తీరిక లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని, ఐకప్పులు దించి, ఎదురుగా ఖాళీ గోడను చూడండి. వలయం చుట్టూ గీత గీసినట్టు పదునైన నల్లటి అంచు కనిపించాలి. పైనా కిందా పక్కలా అన్నిచోట్లా కనిపిస్తే వలయం మొత్తం మీ కంటికి చేరుతున్నట్టే. అంచు మసగ్గా ఉన్నా, ఒకవైపు చూడ్డానికి కన్ను తిప్పాల్సి వస్తున్నా ఆ మోడల్ పక్కన పెట్టేయండి. అమ్మేవాళ్లు 'అలవాటైపోతుందండీ' అంటారు. అలవాటు కాదు. తెల్లవారుజామున చలిలో, చేతులకు గ్లవ్స్ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ విసుగు పుట్టిస్తుంది.

ఇప్పుడు మోడళ్ల మాట. మీ బడ్జెట్‌లో దొరికే నికాన్ మోనార్క్ ఎం5, ఎం7 రెండింటినీ పక్కపక్కన పెడదాం. ఎం7 ఖరీదెక్కువ. దాని 8×42లో వెయ్యి గజాల దూరాన 435 అడుగుల వెడల్పు కనిపిస్తుంది, ఐ రిలీఫ్ 17.1 మిల్లీమీటర్లు. ఎం5 8×42లో వెడల్పు 335 అడుగులే కానీ ఐ రిలీఫ్ 19.5. కాగితం మీద ఎం7 చాలా ముందుంది. కళ్లద్దాలు లేనివాళ్లు అడిగితే, డబ్బుంటే ఎం7 తీసుకోమనే చెబుతాను. మన విషయంలో మాత్రం ఎం7 వలయం అంత పెద్దది కాబట్టి దాని అంచుల దాకా చూడాలంటే కన్ను బాగా దగ్గరికి చేరాలి. ఫ్రేము అందుకు సహకరించకపోతే ఆ 435 అడుగుల్లో అంచులు మీకు అందవు, అదనంగా పెట్టిన డబ్బు ఆ అంచుల్లోనే ఉండిపోతుంది. ఎం5లో ఉన్నది కొంచెమే అయినా ఉన్నదంతా మీదే. తూర్పు టెక్సస్ అడవిలో వంద గజాల దూరాన 335లో పదో వంతు, అంటే 33 అడుగులకు పైగా వెడల్పు వస్తుంది. ఒక జింకను, దాని పక్కన ఉన్న రెండో జింకను చూడ్డానికి అది బాగా సరిపోతుంది.

వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ కూడా మీ బడ్జెట్‌కు లోపలే వస్తుంది. అందులో 8×42కు ఐ రిలీఫ్ 17, 10×42కు 15 మిల్లీమీటర్లు. ఒకే మోడల్, దాదాపు ఒకే బరువు. పవరు ఎనిమిది నుంచి పదికి పెరిగేసరికి రెండు మిల్లీమీటర్లు పోయాయి. మీ లీజు మిత్రులకు ఆ రెండు మిల్లీమీటర్లు అక్కర్లేదు, మీకు మాత్రం అసలు గొడవంతా వాటి దగ్గరే. మీరు పెట్టుకుని చూసింది ఏ కంపెనీదో రాయలేదు కానీ, 10×42 అన్నారు కాబట్టి జరిగింది ఇదే అయ్యుంటుంది. అన్ని 10×42లూ ఇలాగే ఉంటాయని కాదు. ఎం5లోనే 10×42కు 18.4 ఉంది. కానీ పది పవర్లో మంచి ఐ రిలీఫ్ కోసం వెతుక్కోవాలి, ఎనిమిదిలో అది మామూలుగానే దొరుకుతుంది.

10×42 వద్దని నేను గట్టిగా అనడానికి ఇది ఒక్కటే కారణం కాదు. కళ్లద్దాలు లేనివాళ్లు ఐకప్పులను కనుబొమ్మ ఎముకకు ఆనించి పట్టుకుంటారు. రెండు చేతులతో పాటు ముఖం కూడా ఒక ఆనుడుగా పనిచేస్తుంది కాబట్టి బొమ్మ వణకదు. మనకు ఆ ఆనుడు లేదు. గట్టిగా నొక్కితే ఫ్రేము ముక్కులోకి దిగుతుంది, వదిలేస్తే బైనాక్యులర్ గాలిలో ఊగుతుంది. పది రెట్లు పెంచే బైనాక్యులర్ చేతి వణుకునూ పది రెట్లు పెంచుతుంది. వణికే పది కంటే నిలకడగా ఉన్న ఎనిమిదిలోనే కొమ్ము కొనలు బాగా తెలుస్తాయి. టోపీ ముందంచును బైనాక్యులర్ పైభాగం మీదికి దించి, బొటనవేళ్లు దవడకు ఆనించి పట్టుకోండి. వణుకు చాలావరకు తగ్గుతుంది, పక్కనుంచి వచ్చే వెలుతురు కూడా ఆగుతుంది. ఐకప్పులు దించి చూసే మనకు పక్క వెలుతురు పెద్ద తలనొప్పి. సూర్యుడు వీపు వెనక ఉన్నప్పుడు కళ్లద్దాల లోపలి వైపు మన కన్నే మనకు కనిపిస్తుంది. టోపీ నీడే దానికి మందు.

ఇంకొకటి వెలుతురు. 42ను 8తో భాగిస్తే 5.25. బైనాక్యులర్ నుంచి బయటికి వచ్చే వెలుగు బిళ్ల వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. 10×42లో అది 4.2. చీకట్లో పడుచు కళ్లకు కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు మీద పడేకొద్దీ తగ్గుతుంది. చత్వారం వచ్చిన వయసులో మసక వెలుతురుకు 5.25 చక్కగా సరిపోతుంది. పెద్ద బిళ్ల వల్ల ఇంకో లాభం ఉంది. కన్ను కాస్త అటూ ఇటూ జరిగినా బొమ్మ నల్లబడదు. ఐకప్పుకు కన్ను ఆనించి కుదురుగా ఉంచుకోలేని మనకు ఇది చాలా కలిసొస్తుంది.

ఆ వెలుతురు ఎందుకంత ముఖ్యమో చెప్తాను, ఎందుకంటే మీరు వెళ్తున్న ప్రాంతానికి దీంతో నేరుగా సంబంధం ఉంది. టెక్సస్‌లో జింకలను సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటాడవచ్చు. పెద్ద మగ జింకలు బయటికొచ్చేది ఎక్కువగా ఆ రెండు అరగంటల్లోనే. పైగా తూర్పు టెక్సస్‌లో చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) కొమ్ముల నిబంధన ఉంది: రెండు కొమ్ముల్లో కనీసం ఒకటి చీలిక లేకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి. మీ కౌంటీకి ఆ నిబంధన ఉందేమో టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ల పేజీలో చూసుకోండి. టేపు పెట్టి కొలిచే వీలు ఉండదు కాబట్టి చెవులే కొలత. జింక అప్రమత్తంగా చెవులు రిక్కించినప్పుడు ఒక చెవి కొన నుంచి రెండో చెవి కొనకు సుమారు 13 అంగుళాలు. కొమ్ములు చెవుల కొనలు దాటి బయటికి కనిపిస్తేనే వెడల్పు లెక్కన అది చట్టప్రకారం వేటాడదగినది.

ఇప్పుడు ఊహించుకోండి. పొద్దు వాలింది, పైన్ చెట్ల నీడలో ఎనభై గజాల అవతల ఒక మగ జింక గడ్డిలోంచి తలెత్తింది. బూడిద రంగు కొమ్మల ముందు బూడిద రంగు కొమ్ములు. చెవులు ఒక్క క్షణం ముందుకు తిరుగుతాయి, మళ్లీ వెనక్కి వాలిపోతాయి. కొమ్ము లోపలి అంచు చెవి కొన దాటిందా లేదా అన్నది ఆ ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. అనుమానం ఉంటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ఇక్కడ మీకు పనికొచ్చేది నిలకడగా, వెలుతురుగా, అంచు దాకా కనిపించే బొమ్మ. పెద్దగా కనిపించడం ఒక్కటే చాలదు.

10×42 మాట వేరేగా ఉండే చోట్లు లేకపోలేదు. దక్షిణ టెక్సస్‌లో పొదల మధ్య తిన్నగా కొట్టిన దారుల్లో రెండు మూడు వందల గజాల దూరం చూడాల్సి వస్తుంది, పశ్చిమాన మ్యూల్ డీర్ (ఇంకో రకం జింక) కోసం కొండలు గాలించాల్సి వస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లు పది పవరు కొని ట్రైపాడ్ మీద పెట్టుకోవడం సబబే. మీరు వెళ్లేది అక్కడికి కాదు.

'కళ్లద్దాలు తీసేసి చూస్తే పోలా' అని కూడా రాశారు. మైనస్ నాలుగు ఒక్కటే అయితే బైనాక్యులర్ ఫోకస్ తిప్పి సర్దుకోవచ్చు, చాలా మోడళ్లలో అంత తిరుగుడు ఉంటుంది. సిలిండర్‌ను మాత్రం ఏ ఫోకస్ చక్రమూ సరిచేయదు. అర పవరు లోపు సిలిండర్ అయితే పెద్దగా తెలియకపోవచ్చు. ఒకటి దాటితే కొమ్ము కొనలు రెండుగా, మసగ్గా కనిపిస్తాయి. అసలు చిక్కు వేరే ఉంది. కదలిక మీ కంటపడింది, కళ్లద్దాలు తీశారు, బైనాక్యులర్ ఎత్తారు, చూశారు, దించారు, మళ్లీ కళ్లద్దాలు వెతుక్కున్నారు. ఇంత చేతుల కదలిక జింకకు కనబడకుండా ఉండదు. పైగా రైఫిల్ పేల్చేటప్పుడు కంటికి రక్షణగా కళ్లద్దాలు ఉండితీరాలి. కాబట్టి తీయకుండానే చూడ్డం అలవాటు చేసుకోండి. సిలిండర్ సరిచేసే కాంటాక్ట్ లెన్సులు పడేవాళ్లకు ఈ గొడవేదీ లేదు, అవి పడితే హాయిగా వాడుకోండి. గాలిలో గంటల తరబడి కూర్చుంటే కళ్లు ఎండిపోతాయి, దానికి చుక్కల మందు దగ్గర ఉంచుకోవాలి.

ప్రోగ్రెసివ్ లెన్సుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దుకాణాల్లో దీని ఊసే ఎత్తరు. ప్రోగ్రెసివ్ లెన్సులో దూరపు చూపు పైభాగంలో ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ దగ్గరి చూపుకు మారుతుంది. నేల మీద నిలబడి ఎదురుగా చూస్తే సమస్య లేదు. మీరు కూర్చునేది ఎత్తున్న స్టాండ్‌లో. కిందున్న జింకను చూడ్డానికి తల కదపకుండా కళ్లు మాత్రమే దించితే చూపు లెన్సు కింది భాగంలోంచి పోతుంది. ఎంత ఫోకస్ తిప్పినా బొమ్మ ఏదో తేడాగా ఉంటుంది. ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసగ్గా అనిపిస్తుంది, కాసేపటికి తలనొప్పి మొదలవుతుంది. బైనాక్యులర్ బాలేదనుకుని చాలామంది తిరిగి ఇచ్చేస్తారు. మెడతో సహా తల మొత్తం వంచి, చూపును ఎప్పుడూ లెన్సు పైభాగంలోంచే పోనివ్వండి. ఇంకా మంచి దారి, వేట కోసం దూరపు పవరు మాత్రమే ఉన్న మామూలు కళ్లద్దాలు ఒక జత చేయించుకోవడం. ఆన్‌లైన్‌లో చేయించుకుంటే పెద్ద ఖర్చు కూడా కాదు. ఫోన్లో మ్యాపు చూసుకోవాలంటే కళ్లద్దాలు కాస్త పైకెత్తి చూడండి, మైనస్ నాలుగు ఉన్నవాళ్లకు దగ్గరవి కళ్లద్దాలు లేకపోయినా కనిపిస్తాయి.

ఆ జత చేయించుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముక్కు ప్యాడ్లు సర్దగలిగే లోహపు ఫ్రేము తీసుకుని, రెప్పవెంట్రుకలు తగలనంత వరకు లెన్సును ముఖానికి దగ్గరగా సర్దమని అడగండి. ఇలా సర్దితే ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. మీకు కావలసిన ఐ రిలీఫ్ కూడా అంతమేర తగ్గుతుంది. ఇక్కడ పైసా ఖర్చు లేకుండా వచ్చేదాన్ని బైనాక్యులర్‌లో కొనాలంటే వంద డాలర్లకు పైనే అవుతుంది. యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్ తప్పకుండా వేయించండి. కోటింగ్ లేని మామూలు ప్లాస్టిక్ లెన్సు దగ్గర సుమారు 8 శాతం వెలుతురు పోతుంది, పల్చటి హై ఇండెక్స్ లెన్సులో ఇంకా ఎక్కువ. బైనాక్యులర్‌లో రెండు మూడు శాతం అదనపు వెలుతురు కోసం జనం రెండొందల డాలర్లు ఎక్కువ పెడతారు, అంతకు మించిన వెలుతురును ముక్కు మీదే పోగొట్టుకుంటారు. ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ లెన్సులు వేటకు వద్దు. చలిలో అవి ఇంకా ఎక్కువ నల్లబడతాయి, మళ్లీ తెల్లబడ్డానికి ఎక్కువ సమయం పడుతుంది. సాయంత్రం వెలుతురు పడిపోతున్నప్పుడే వాటితో ఇబ్బంది.

కళ్లద్దాలకు ఆవిరి పట్టడం ఇంకో తంటా. బైనాక్యులర్ లోపల నైట్రోజనో ఆర్గానో నింపి ఉంటుంది కాబట్టి లోపలి లెన్సులకు ఆవిరి పట్టదు, బయటి లెన్సులకూ మీ కళ్లద్దాలకూ ఆ రక్షణ లేదు. ఈ గాలిలో తేమ మీకు తెలిసిందే. ఏసీ వేసిన ట్రక్కులోంచి దిగీ దిగగానే రెండూ తెల్లబడతాయి. లీజు గేటు ఇంకా పది నిమిషాలు ఉందనగా ఏసీ ఆపి కిటికీలు దించండి. కూర్చున్నాక ముఖానికి కట్టిన గుడ్డను ముక్కు కిందికి లాగి, ఊపిరి కిందికి వదలండి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ తప్ప చొక్కా అంచు వాడొద్దు. ముందు దుమ్ము ఊది తర్వాత తుడవండి.

గ్లాసూ కోటింగ్ సంగతులు క్లుప్తంగా చెప్తాను, ఈ ధరలో అందరూ దాదాపు ఒకేలా ఉన్నారు. రూఫ్ ప్రిజమ్ బైనాక్యులర్లకు (రెండు గొట్టాలూ తిన్నగా ఉండేవాటికి) ఫేజ్ కోటింగ్ (బొమ్మ పదును తగ్గకుండా ప్రిజమ్‌కు వేసే పూత) ఉండాలి. 1988లో జైస్ కంపెనీ మొదలుపెట్టిన ఆ పద్ధతి ఇప్పుడు 300 డాలర్లవాటిలోనూ వస్తోంది. ప్రిజమ్‌కు డైఎలక్ట్రిక్ కోటింగ్ (వెలుతురు వృథా కాకుండా తిప్పిపంపే పూత), లెన్సులన్నింటికీ ఫుల్లీ మల్టీకోటెడ్ (ప్రతి ఉపరితలానికీ పలు పొరల పూత), నీళ్లు చొరబడకపోవడం, ఈ మూడూ ఉంటే చాలు. ఈడీ గ్లాసు (రంగులను తక్కువగా విడదీసే గాజు) ఉంటే కొమ్ముల అంచున ఊదారంగు గీత తగ్గుతుంది. ఐకప్పుల అంచు మెత్తటి రబ్బరుదై ఉండాలి, గట్టి ప్లాస్టిక్ అయితే కళ్లద్దాల మీద గీతలు పడతాయి. జూమ్ బైనాక్యులర్ల జోలికి వెళ్లొద్దు, ఈ ధరలో వాటి ఐ రిలీఫ్ మనకు చాలదు. వోర్టెక్స్‌కు జీవితకాలపు వారంటీ ఉంది, అది కొన్నవాళ్లకే పరిమితం కాదు. అందుకే వాడినది కొన్నా టెన్షన్ ఉండదు.

కాబట్టి నేనైతే మీకు మోనార్క్ ఎం5 8×42 ముందు చూడమంటాను, తర్వాత డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8×42. ఎం7 మీద మనసుంటే కొత్త కళ్లద్దాలు వచ్చాక, అవి పెట్టుకుని, నల్లటి అంచు చుట్టూ కనిపిస్తోందో లేదో చూసుకుని కొనండి. మిగిలిన డబ్బు ఛాతీకి కట్టుకునే హార్నెస్‌కు, ఆ రెండో జత కళ్లద్దాలకు పెట్టండి. ఎక్కడ కొన్నా పెట్టె తెరిచాక వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడగండి. ఆన్‌లైన్లో కొంటే వచ్చిన రోజే కాగితం పరీక్ష చేయండి.

ఒక్క మాట మాత్రం కాస్త కటువుగా చెప్పాలి. 'రైఫిల్‌కు స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఉంది కదా, బైనాక్యులర్ అంత అవసరమా' అని మీరు చివర్లో అడిగారు. అవసరమే. స్కోప్‌లోంచి దేన్ని చూసినా మీ తుపాకీ దానివైపే గురిపెట్టి ఉంటుంది. ఆ పొదల్లో కదిలింది పక్క లీజు మనిషి కావచ్చు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లంతా ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి కాబట్టి ఆ పాఠం మీరూ వినే ఉంటారు. బైనాక్యులర్‌తో చూసి ఏమిటో తేల్చుకున్నాకే రైఫిల్ ఎత్తాలి. కంటికి కుదరని బైనాక్యులర్ ఉన్నవాళ్లు విసుగొచ్చి స్కోప్‌తో వెతకడం మొదలుపెడతారు. నేను ఐ రిలీఫ్ గురించి ఇంతసేపు చెప్పడానికి పెద్ద కారణం అదే.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక మాట. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కొల్లేరులోనో, నేలపట్టులోనో, మంజీరా దగ్గరో పక్షులను చూసేవాళ్లకు ఐ రిలీఫ్ లెక్క, కాగితం పరీక్ష, ప్రోగ్రెసివ్ లెన్సుల జాగ్రత్త అన్నీ ఇలాగే వర్తిస్తాయి. వాళ్లకూ 8×42 నే చెబుతాను.

కొన్నాక మొదటి పని రెండు కళ్లకూ సర్దుకోవడం. ఐకప్పులు దించి, కళ్లద్దాలు పెట్టుకుని, మధ్య మడతను మీ కళ్ల ఎడానికి సరిపడా తెరవండి. రెండు వలయాలు కలిసి ఒకటవ్వాలి. కుడివైపు ముందు లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టండి, కన్ను మాత్రం మూయకండి. మూస్తే రెండో కన్ను కూడా బిగుసుకుంటుంది. దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా వచ్చేదాకా మధ్య చక్రం తిప్పండి. ఇప్పుడు ఎడమవైపు అడ్డం పెట్టి, చక్రం ముట్టుకోకుండా, కుడివైపు ఉన్న డయాప్టర్ రింగు (కుడి కంటికి మాత్రమే ఫోకస్ సర్దేది) తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి ఆ రింగు సున్నాకు దగ్గర్లోనే ఆగాలి. చాలా దూరం పోయిందంటే మీ కళ్లద్దాల పవరు మారిందేమో చూపించుకోండి. చూస్తున్నప్పుడు నల్లటి మబ్బుల్లాంటివి అటూ ఇటూ కదులుతుంటే ఐ రిలీఫ్ ఎక్కువైనట్టు, ఐకప్పులు ఒక్క క్లిక్కు పైకి తిప్పండి. ఎం5లో ఇలా జరిగే అవకాశం ఉంది. అంతా కుదిరాక రింగు ఉన్నచోట చిన్న టేపు ముక్క అంటించండి, హార్నెస్‌లో రాసుకుని అది తిరిగిపోతూ ఉంటుంది. కాగితం పరీక్షలో మీకెంత వచ్చిందో, ఫ్రేము ఎలాంటిదో ఇక్కడ రాస్తే ఎం7 కుదురుతుందో లేదో కూడా చెప్పగలను.